దోషం సమీకరణానిది

1927వ సంవత్సరం. హాలండు దేశంలోని ఐండ్‌హోవెన్ పట్టణంలో, ఫిలిప్స్ కంపెనీవారి పరిశోధనశాలలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక టెలిఫోను గొట్టాన్ని చెవికి ఆనించుకుని శ్రద్ధగా వింటున్నారు. వారిలో పెద్దవాడు బల్తజార్ వాన్ డెర్ పోల్. రెండవవాడు ఆయన సహచరుడు వాన్ డెర్ మార్క్. వారి ముందున్న పరికరంలో విశేషమేమీ లేదు. ఒక నియాన్ దీపం, ఒక కండెన్సర్, ఒక నిరోధకం, ఒక బ్యాటరీ, అంతే. బ్యాటరీ నుండి విద్యుత్తు నిరోధకం గుండా మెల్లగా వచ్చి కండెన్సర్‌లో నిండుతుంది. నిండి ఒక మట్టానికి చేరగానే నియాన్ దీపం తటాలున వెలిగి, ఆ నిలవనంతా ఖాళీ చేసి, ఆరిపోతుంది. మళ్లీ నిండడం, మళ్లీ వెలగడం. చూరునుండి నీటిబొట్టు జారే తీరు ఇదే గదా! బొట్టు నెమ్మదిగా ఊరుతుంది, బరువెక్కుతుంది, ఒక్కసారిగా తెగి పడుతుంది.

ఈ పరికరానికి వారు బయటినుండి మరొక విద్యుత్ స్పందనను జోడించారు. సెకనుకు వెయ్యిమార్లు ఊగే స్పందన అది. అటుపై కండెన్సర్ సామర్థ్యాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చారు. పాత్ర పెద్దదైన కొద్దీ నిండటానికి ఎక్కువసేపు పడుతుంది కనుక, చెవికి వినిపించే స్వరం క్రమక్రమంగా కిందికి జారాలి. కాని అది జారలేదు. వెయ్యి దగ్గర పట్టుకుని నిలిచి, ఒక్క ఉదుటున అయిదువందలకు దూకింది. అక్కడ కొంతసేపు నిలిచి మూడువందల ముప్పైమూడుకు, ఆపైన రెండువందల యాభైకి దిగింది. వీణ తీగమీద వేలు జార్చినట్లు గాక, మెట్లు దిగినట్లు దిగిందన్నమాట. బయటి స్పందనలో సగం, మూడోవంతు, నాలుగోవంతు, ఈ భిన్నాల దగ్గర మాత్రమే అది కుదురుకునేది.

అయితే ఒక మెట్టునుండి మరొక మెట్టుకు దూకబోయే ముందు, ఆ టెలిఫోనులో ఏ స్వరమూ కాని ఒక క్రమరహితమైన గరగర వినవచ్చింది. నేచర్ పత్రికకు పంపిన చిన్న వ్యాసంలో వారు దాన్ని అప్రధానమైన విషయంగా ఎంచి, క్లుప్తంగా ప్రస్తావించి వదలివేశారు. వారిని తప్పు పట్టడానికి లేదు. రేడియో ఇంజనీరుకు గరగర అంటే వదిలించుకోవలసిన పీడ, అంతకు మించి మరేమీ కాదు. కాని ఇరవయ్యో శతాబ్దపు గణితశాస్త్రంలో ఒక పెద్ద అధ్యాయం ఆ గరగరలోనే దాగి ఉన్నదని గ్రహించడానికి అనేక సంవత్సరాలు పట్టింది.

ఈ కథ అర్థం కావాలంటే ముందుగా ఒక మాట తెలుసుకోవాలి. ప్రకృతిలోని సంబంధాలను శాస్త్రజ్ఞులు రేఖీయాలనీ, అరేఖీయాలనీ రెండు తెగలుగా విభజిస్తారు. స్ప్రింగు త్రాసుకు ఒక కిలో బరువు తగిలిస్తే అది ఒక అంగుళం సాగిందనుకుందాం. రెండు కిలోలకు రెండంగుళాలు సాగుతుంది. ఇది రేఖీయం. చెరువులో రెండు రాళ్లు వేస్తే, రెండు అలల వలయాలు ఒకదానిలోనుండి మరొకటి దూరి, ఏమీ జరగనట్లే తమ దారిన తాము పోతాయి. ఇదీ రేఖీయమే. ఇటువంటి వ్యవస్థల సమీకరణాలను ముక్కలు ముక్కలుగా సాధించి, ఆ ముక్కలను కూడితే సరిపోతుంది. కాని అదే త్రాసుకు ఒక మూట ధాన్యం తగిలించండి! స్ప్రింగు ఇక సాగదు, లేదా వంకర తిరిగిపోతుంది. కారణానికీ కార్యానికీ మధ్యనున్న సూటి నిష్పత్తి అక్కడితో తెగిపోతుంది. అరేఖీయ లోకం మొదలవుతుంది. ఇక్కడ ముక్కలు కూడితే మొత్తం రాదు.

కాలేజీ పాఠ్యపుస్తకాలు చాలాకాలం రేఖీయాన్నే రాజమార్గంగా చూపి, అరేఖీయాన్ని పక్కదారి ముళ్లపొదగా వదిలివేశాయి. కాని నిజానికి సంపూర్ణంగా రేఖీయమైన భాగాలతో ఒక రేడియోను నిర్మించడం అసాధ్యం. అందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి డోలకం, అంటే ఆసిలేటర్. రెండవది మిక్సర్.

డోలకం సంగతి ముందు చూద్దాం. ఉయ్యాలలో పసిబిడ్డ. పక్కన కూర్చున్న అమ్మమ్మ ఒక చేత్తో ఉయ్యాలను తోస్తున్నది. గాలి, తాడు రాపిడి ఊపులోని శక్తిని హరిస్తున్నాయి. ఆమె తోపుడు ఆ శక్తిని తిరిగి ఇస్తున్నది. రెండూ రేఖీయాలైతే ఏమవుతుంది? తోపుడు కొంచెం ఎక్కువైతే ఊపు అంతకంతకూ పెరిగి ఉయ్యాల దూలానికి కొట్టుకుంటుంది. కొంచెం తక్కువైతే నిలిచిపోతుంది. రెండూ సరిసమానంగా ఉండటమన్నది కాగితం మీదనే సాధ్యం. అయినా ఉయ్యాల చక్కగా ఒకే తీరున ఊగుతున్నది. ఎందుచేత? ఊపు తక్కువైనప్పుడు అమ్మమ్మ కాస్త గట్టిగా తోస్తుంది, ఎక్కువైనప్పుడు చెయ్యి వెనక్కు తీసుకుని ఆపుతుంది. ఈ వివేకమే అరేఖీయత.

రేడియో వాల్వులో అమ్మమ్మ లేదు. కాని వాల్వుకు తన సొంత పరిమితి ఉన్నది. చిన్న స్పందన వచ్చినప్పుడు అది దాన్ని పెంచుతుంది. స్పందన పెద్దదైతే వాల్వు తన శక్తి మేరకు నిండిపోయి, ఇక పెంచలేక, పైగా అణచివేస్తుంది. 1920లో వాన్ డెర్ పోల్ ఈ స్వభావాన్ని ఒక అవకలన సమీకరణంలో బంధించాడు. అందులోని కిటుకు ఒక్క పదంలో ఉన్నది. మామూలు లోలకానికి ఘర్షణ ఎప్పుడూ ఒకే తీరుది, ఎప్పుడూ శక్తిని హరించేదే. వాన్ డెర్ పోల్ సమీకరణంలో ఘర్షణ ఊపు యొక్క వర్గం మీద ఆధారపడి ఉంటుంది. ఊపు చిన్నదైతే ఘర్షణ ఋణసంఖ్య అవుతుంది. అనగా అది ఘర్షణ కాదు, ప్రోత్సాహం. ఊపు ఒక హద్దు దాటితే ధనసంఖ్యగా మారి, కళ్లెం వేస్తుంది. అందుచేత ఎక్కడ మొదలుపెట్టినా సరే, చివరకు అదే ఊపుకు వచ్చి స్థిరపడుతుంది. ఇటువంటి స్థిరమార్గాలను ఫ్రెంచి గణితజ్ఞుడు ప్వాంకరే పందొమ్మిదో శతాబ్దంలోనే ఊహించి ఉన్నాడు. రేడియోలోని డోలనాలు, ప్వాంకరే వలయాలు ఒకటేనని 1929లో రష్యన్ శాస్త్రజ్ఞుడు ఆంద్రొనోవ్ గుర్తించాడు.

1926లో వాన్ డెర్ పోల్ ప్రచురించిన మరొక వ్యాసంలో మూడు బొమ్మలు ప్రసిద్ధికెక్కాయి. సమీకరణంలోని గుణకాన్ని ఒకసారి 0.1 గాను, ఒకసారి 1 గాను, ఒకసారి 10 గాను తీసుకుని, యంత్రసహాయం లేకుండా చేతితోనే వక్రరేఖలు గీసి చూశాడాయన. మొదటిది అందమైన, నునుపైన అల. మూడవది అల కానే కాదు. చాలాసేపు నెమ్మదిగా పాకి, హఠాత్తుగా గెంతి, మళ్లీ పాకే రేఖ. దాని ఆవర్తన కాలం కూడా సుమారు 6.28 నుండి 19కి, అంటే మూడింతలకు పెరిగింది. దీనికాయన రిలాక్సేషన్ డోలనమని పేరు పెట్టాడు. ఇక ఆయనకు ఎటు చూసినా అదే కనబడసాగింది. గాలికి రెపరెపలాడే జెండా, పళ్లెం మీద కీచుమనే కత్తి, చలికి వణకే శరీరం, చివరకు ఆర్థిక సంక్షోభాలు కూడా! కొంత అత్యుత్సాహం లేకపోలేదు. కాని అందులో ఒక ఊహ మాత్రం గట్టిది. 1928లో ఆయన, వాన్ డెర్ మార్క్ కలిసి మూడు డోలకాలను జతచేసి, మానవ హృదయానికి ఒక విద్యుత్ నమూనా నిర్మించారు. గుండె లయ తప్పే కొన్ని రీతులను ఆ నమూనాలో చూపగలిగారు.

ఇక మిక్సర్. తెలుగు శ్రోతలకు ఏళ్ల తరబడి చిరపరిచితమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని మీడియం వేవ్ ప్రసారం 837 కిలోహెర్ట్జ్. ఇంటిలోని ట్రాన్సిస్టర్ మీట తిప్పి ఆ కేంద్రాన్ని పట్టినప్పుడు, రేడియో లోపల ఒక చిన్న డోలకం 1292 కిలోహెర్ట్జ్ వద్ద ఊగనారంభిస్తుంది. ఈ రెండు స్పందనలూ మిక్సర్‌లో కలుస్తాయి. వాటి భేదం 455. హైదరాబాదు కేంద్రానికి, అంటే 738కి మీట తిప్పితే లోపలి డోలకం 1193కు మారుతుంది. భేదం మళ్లీ 455. ఏ కేంద్రాన్ని పట్టినా చివరకు వచ్చేది ఆ 455 కనుక, రేడియోలోని తక్కిన భాగాలను ఆ ఒక్క పౌనఃపున్యానికే చక్కగా అమర్చి ఉంచితే చాలు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1918లో, పారిస్‌లో ఉన్న అమెరికన్ సైనికాధికారి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన ఈ సూపర్‌హెటిరొడైన్ పద్ధతి తరవాత ఇంటింటి రేడియోకూ ప్రాణమైంది.

కాని భేదం అన్నది ఎక్కడనుండి వచ్చింది? చెరువులో అలలవలె రెండు స్పందనలు దేని దారిన అవి పోయినట్లయితే 837, 1292 మాత్రమే ఉండాలి. 455 పుట్టడానికి అవి ఒకదానినొకటి గుణించుకోవాలి. రేఖీయమైన పరికరం కూడగలదే గాని గుణించలేదు. అందుకని మిక్సర్‌కు వక్రస్వభావం గల డయోడ్‌నో, ట్రాన్సిస్టర్‌నో వాడతారు. లెక్క సులువే. 5, 7 అనే రెండు స్వరాలను వర్గం చేసే పరికరంలోకి పంపితే, 10, 14లతో పాటు వాటి మొత్తం 12, వాటి భేదం 2 కూడా పుడతాయి. ఘనం చేసే గుణం కూడా ఆ పరికరానికి కొంత ఉంటే (ఏ పరికరానికైనా ఉండనే ఉంటుంది) మరికొందరు అనుకోని అతిథులు దిగుతారు. రెండు అయిదులలోనుండి ఏడు తీసివేయగా 3. రెండు ఏడులలోనుండి అయిదు తీసివేయగా 9.

ఈ అతిథులతోనే చిక్కు. 900, 1000 కిలోహెర్ట్జ్ మీద రెండు బలమైన కేంద్రాలు దగ్గరలో ఉన్నాయనుకోండి. నాణ్యత లేని రేడియోలో 800 మీదా, 1100 మీదా ఆకాశంలో లేనేలేని ప్రసారాలు వినిపిస్తాయి. అవి రేడియో లోపల పుట్టిన దయ్యాలు. పైగా వాటి పెరుగుదల అసలువాటికన్నా వేగవంతం. రెండు కేంద్రాల స్పందనలూ రెట్టింపైతే, ఈ దయ్యం ఎనిమిది రెట్లవుతుంది. ఎంత వక్రత కావాలో, ఎంత వద్దో ముందుగా లెక్కగట్టి చెప్పగలిగిన గణితం ఉంటే తప్ప ఇంజనీరుకు గత్యంతరం లేదు.

1933లో ఇంతకన్నా విచిత్రం జరిగింది. అదే ఫిలిప్స్ పరిశోధనశాలకు చెందిన బెర్నార్డ్ టెలెగెన్ ఐండ్‌హోవెన్‌లో కూర్చుని స్విట్జర్లాండులోని బెరోమున్‌స్టర్ కేంద్రాన్ని వింటుండగా, వెనుకనుండి సన్నగా లక్సెంబర్గ్ రేడియో కార్యక్రమం వినిపించింది. లక్సెంబర్గ్ పూర్తిగా వేరే పౌనఃపున్యం మీద ప్రసారమయ్యేది. దోషం రేడియోది కాదని తేలింది. మరి ఎవరిది? మరుసటి సంవత్సరం బెయిలీ, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు సమాధానం చెప్పారు. లక్సెంబర్గ్ యొక్క శక్తిమంతమైన తరంగాలు, తమ ధ్వని హెచ్చుతగ్గులకు అనుగుణంగా, పై వాతావరణంలోని అయనావరణాన్ని కలచివేస్తున్నాయి. అదే దారిన పోతున్న స్విస్ తరంగం మీద ఆ కలత ముద్ర పడుతున్నది. అంటే ఆకాశమే మిక్సర్‌గా మారిందన్నమాట!

ఇంతవరకు వచ్చిన చిక్కులను ఇంజనీర్లు ఎలాగో తట్టుకున్నారు. కాని డోలకాన్ని బయటి స్పందనతో తోసినప్పుడు, ముఖ్యంగా ఆ గుణకం పెద్దదైనప్పుడు ఏమి జరుగుతుందో వారికి అంతుబట్టలేదు. 1938 జనవరిలో బ్రిటిష్ ప్రభుత్వ రేడియో పరిశోధన మండలి గణితజ్ఞుల సహాయం అర్థిస్తూ ఒక లేఖ రాసింది. రేడియో ఇంజనీరింగులో తలెత్తే కొన్ని మొండి సమీకరణాలను ఎవరైనా సాధించి పెట్టగలరా అన్నది దాని సారాంశం. దాని వెనుక రహస్యంగా సాగుతున్న రాడార్ కృషి ఉన్నదని ఆ లేఖలో లేదు. యూరప్ మీద యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న రోజులవి.

ఆ లేఖ కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాల అధ్యాపకురాలు మేరీ కార్ట్‌రైట్ కంటబడింది. 1900లో ఒక గ్రామ మతాచార్యుని ఇంట పుట్టిన ఆమెకు యుద్ధమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. మొదటి ప్రపంచయుద్ధం ఆమె అన్నలిద్దరినీ పొట్టన పెట్టుకున్నది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె గణితం చదివిన రోజుల్లో ఆ విశ్వవిద్యాలయం మొత్తంలో ఆ శాస్త్రం చదివే స్త్రీలు వేళ్లమీద లెక్కించదగినంత మంది. పట్టం పుచ్చుకున్నాక నాలుగేళ్లు బడిపంతులమ్మగా పనిచేసి, తిరిగి వచ్చి హార్డీ వద్ద పరిశోధన చేశారు. ఆమె సిద్ధాంతగ్రంథాన్ని పరీక్షించిన వారిలో లిటిల్‌వుడ్ ఒకరు. ఈ రెండు పేర్లు భారతీయులకు కొత్తవి కావు. 1913లో మద్రాసు నుండి ఒక గుమాస్తా రాసిన ఉత్తరంలోని సూత్రాలను కూర్చుని పరిశీలించి, శ్రీనివాస రామానుజన్ ప్రతిభను లోకానికి చాటినవారు ఈ హార్డీ, లిటిల్‌వుడ్‌లే.

రేడియో పరిజ్ఞానం లేని కార్ట్‌రైట్ ఆ లేఖను లిటిల్‌వుడ్ వద్దకు తీసుకువెళ్లారు. మొదటి యుద్ధంలో ఫిరంగిగుండ్ల గమనాలను లెక్కగట్టిన అనుభవం ఆయనకుంది. సమీకరణపు సాధనలను కూడా గాలిలో దూసుకుపోయే గుండ్ల మార్గాలుగానే భావించడం ఆయన అలవాటు. సుమారు పదేళ్లు సాగిన ఈ సహకారంలో ఎక్కువ భాగం ఉత్తరాల మీదనే నడిచింది. ఒకే ఊళ్లో ఉంటూ ఉత్తరాలేమిటని నవ్వుకోవచ్చు. కాని గణితంలో నోటిమాట కన్నా రాతలో పెట్టిన మాటకే నిలకడ ఎక్కువ.

వారు తేల్చినది సామాన్యమైనది కాదు. బయటి తోపుడు బలాన్ని మెల్లగా మారుస్తూ పోతే, కొన్ని హద్దుల మధ్య డోలకం ఒకే ఒక స్థిరమైన లయకు లొంగుతుంది. మరికొన్ని హద్దుల మధ్య రెండు వేర్వేరు లయలు రెండూ స్థిరమే. ఏది దక్కుతుందన్నది మొదలుపెట్టిన తీరును బట్టి ఉంటుంది. ఐండ్‌హోవెన్‌లో విన్న మెట్ల రహస్యం ఇక్కడ విడిపోయింది. కాని ఆ రెండింటి మధ్యనున్న సరిహద్దును పరిశీలించినప్పుడు వారికి కనిపించినది గీత కాదు, అంతులేని చిక్కుముడి. అందులో అస్థిరమైన ఆవర్తన మార్గాలు లెక్కకు మిక్కిలి. వాటి నడుమ ఎన్నటికీ తిరిగి తన అడుగుల్లో తాను నడవని మార్గాలు. సమీకరణంలో ఎక్కడా అదృష్టానికి, యాదృచ్ఛికతకు తావు లేదు. ప్రతి అడుగూ నిర్ణీతమే. అయినా రాబోయేది పాచికల ఆటవలె ఊహకందనిది.

ఈ ఫలితాలను గురించి 1942లో కేంబ్రిడ్జిలో కార్ట్‌రైట్ చేసిన ఉపన్యాసాన్ని విన్న విద్యార్థులలో, తరవాత విఖ్యాత భౌతికశాస్త్రజ్ఞుడైన ఫ్రీమన్ డైసన్ ఒకడు. యుద్ధరంగంలోని సైనికులు తమ యాంప్లిఫయర్లు వెర్రెత్తినట్లు ప్రవర్తిస్తే తయారీదారులను తిట్టుకునేవారనీ, కాని తప్పు తయారీదారులది కాదనీ, సమీకరణానిదేననీ కార్ట్‌రైట్, లిటిల్‌వుడ్‌లు కనుగొన్నారనీ ఆయన చాలాకాలం తరవాత వివరించాడు. యంత్రాన్ని ఎంత నిర్దుష్టంగా చేసినా ఆ అల్లరి పోదు. అది ఉండే ప్రాంతానికి దూరంగా యంత్రాన్ని నడుపుకోవడం ఒక్కటే మార్గం. ఇంజనీర్లు అనుభవం మీద ఆ పనే చేశారు. వారి ప్రశ్నకు సమాధానమైన తొలి వ్యాసం లండన్ మాథమెటికల్ సొసైటీ పత్రికలో 1945లో, యుద్ధం ముగిసిన ఏడు, వెలువడింది.

చాలామంది గణితజ్ఞులు ఆ వ్యాసాన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్న వారిలో అమెరికన్ నార్మన్ లెవిన్‌సన్ 1949లో దాన్ని మరింత సరళమైన రూపంలోకి తెచ్చాడు. పదేళ్ల తరవాత స్టీఫెన్ స్మేల్ అనే యువకుడు ఇటువంటి చిక్కుముడులు అరుదని అర్థం వచ్చే ఒక ప్రతిపాదన ప్రచురించగా, లెవిన్‌సన్ ఉత్తరం రాసి అది నిజం కాదని తెలిపాడు. అప్పుడు బ్రెజిల్‌లో ఉన్న స్మేల్ ఆ ఉత్తరం పట్టుకుని, రియో సముద్రతీరంలో కూర్చుని, ఆ బీజగణితాన్ని రేఖాగణితంగా మార్చుకున్నాడు. తేలినది ఇది: సమీకరణం తన మార్గాలను సాగదీస్తుంది, మడతపెడుతుంది, మళ్లీ సాగదీస్తుంది. మడత కాజా చేసేటప్పుడు పిండిని ఒత్తి, మడిచి, మళ్లీ ఒత్తుతారు గదా! పక్కపక్కనే పెట్టిన రెండు గసగసాల గింజలు నాలుగైదు మడతల తరవాత ఎక్కడెక్కడికో చేరుకుంటాయి. ఈ మడతకే స్మేల్ గుర్రపునాడా అని పేరుపెట్టాడు. 1927లో వినిపించిన గరగరకు మూలం ఇటువంటి మడతలలోనే ఉన్నదని తరవాతివారు భావించారు.

జపానులో ఇదే విషయం మరొక దారిన బయటపడింది. 1961 నవంబరు 27న క్యోటో విశ్వవిద్యాలయంలో యోషిసుకే ఉయేదా అనే పరిశోధక విద్యార్థి అనలాగ్ కంప్యూటర్ మీద బయటినుండి తోయబడుతున్న డోలకపు సమీకరణాన్ని నడుపుతున్నాడు. నున్నని వలయం రావలసిన చోట అంచులు చెక్కుకుపోయిన, పగిలిన గుడ్డువంటి ఆకారం వచ్చింది. మొదట యంత్రం చెడిపోయిందేమోననుకున్నాడు. చెడలేదు. కాని పెద్దలు దాన్ని ఒప్పుకోవడానికి సుముఖంగా లేరు. ఆయన కృషికి ప్రపంచ ఖ్యాతి రావడానికి డెబ్బయ్యవ దశకం గడవవలసివచ్చింది. ఈలోగా 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ సమీకరణాలలో ఇదే స్వభావాన్ని కనుగొన్నాడు. 1975లో లీ, యార్క్‌లు దీనికి ఖేయాస్ అన్న పేరును గణితంలో ప్రవేశపెట్టారు.

నేడు ఏ ఇంజనీరూ చేతితో వక్రరేఖలు గీయడం లేదు. 1973లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుండి వెలువడిన స్పైస్ అనే ప్రోగ్రాము, దాని సంతతి, వలయాలను కాగితం మీద ఉండగానే పరీక్షించి చూపుతున్నాయి. జేబులోని సెల్‌ఫోనులో డోలకాలూ ఉన్నాయి, మిక్సర్లూ ఉన్నాయి. వాటిలో పుట్టే దయ్యాలను ముందుగానే పసిగట్టడానికి వాడే లెక్క ఆ 5, 7ల లెక్కకు కొనసాగింపే. కాని కంప్యూటర్ ఇచ్చే జవాబు, తాను మొదలుపెట్టిన చోటునుండి బయలుదేరిన ఒక మార్గానికి మాత్రమే వర్తిస్తుంది. అదే సమీకరణంలో ఇంకొక స్థిరమైన లయ పక్కనే పొంచి ఉన్నదేమో అది చెప్పదు. ఆ అనుమానం మనిషికే రావాలి.

1947లో కార్ట్‌రైట్ రాయల్ సొసైటీ సభ్యురాలయ్యారు. గణితజ్ఞురాలికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. 1949 నుండి దాదాపు ఇరవై ఏళ్లు గిర్టన్ కళాశాలకు అధిపతిగా ఉన్నారు. 1969లో ప్రభుత్వం డేమ్ బిరుదునిచ్చింది. ఖేయాస్ శాస్త్రానికి ఆమె ఆద్యురాలని డైసన్ రాసినప్పుడు, తనకు అర్హత లేని గొప్పను అంటగట్టావని ఆమె అతణ్ణి మందలించారు. తొంభై ఏడేళ్ల వయస్సులో, 1998 ఏప్రిల్ 3న ఆమె మరణించారు. తన స్మారక ప్రార్థనలో ప్రశంసా ప్రసంగాలేవీ ఉండరాదని ముందుగానే ఖచ్చితమైన ఆదేశం రాసిపెట్టి వెళ్లారు.